12 ట్యాబులు, 42 మంది పిల్లలు: ఆన్‌లైన్ పాఠాన్ని తరగతిలో ఎలా కలపాలి?

ప్రశ్న: భీమిలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎనిమిదో తరగతిలో 42 మంది. సగానికి పైగా మత్స్యకార కుటుంబాల పిల్లలే. గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకు పెట్టే పెద్ద టచ్ తెర) ఉంది. పనిచేసే ట్యాబులు 12, ఒక పాత ల్యాప్‌టాప్ ఉన్నాయి. నెట్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రోజూ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో వీడియో లింకు పెడుతున్నాను. చూసేది ఎనిమిది, పది మంది. వాళ్లూ అసలు ఇబ్బంది లేని పిల్లలే. వారానికి ఆరు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. ఆన్‌లైన్ పాఠాన్నీ తరగతి బోధననూ కలపాలంటున్నారు. పిల్లలకు నిజంగా పనికొచ్చేలా ఎలా చేయాలి?
– ఒక గణిత ఉపాధ్యాయురాలు

సమాధానం:

టీచర్ గారూ, మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట ఆ ఎనిమిది, పది మంది గురించి రాసింది. వీడియో ఇంటికి పంపి లెక్కలు బడిలో చేయించే పద్ధతి, ఇంట్లో ఫోనూ డేటా పక్కన కూర్చునే మనిషీ ఉన్న పిల్లలకే అందుతుంది. మిగతావాళ్లు ఇంకా వెనకపడతారు. అందుకని ఆ వరస తిరగేయండి. తెర మీద పని బడిలోనే జరగాలి. ఇంటికి వెళ్లేవి కాగితం, మీ గొంతు. ఏ పని అనుకున్నా ముందు ఫోన్ ఇంట్లో లేని పిల్లకు అది ఎలా అందుతుందో చూసుకుని, ఆ తర్వాతే మిగతావాళ్ల సంగతి ఆలోచించండి.

పరికరం చేతికిస్తే చదువు వస్తుందా అన్నది పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచితే లెక్కల్లోగానీ భాషలోగానీ చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. ఢిల్లీలో మాత్రం ఫలితం వేరుగా వచ్చింది. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాంద్రో గనిమియాన్ 2019లో ప్రచురించిన అధ్యయనం అది. కంప్యూటర్ మీద సాధన, దాంతోపాటు చిన్న గుంపులో బోధన కలిపి నాలుగున్నర నెలలు నడిపితే లెక్కల్లో 0.37 ప్రామాణిక విచలనం (పిల్లల మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర పెరుగుదల వచ్చింది. విద్యా ప్రయోగాల్లో ఇది పెద్ద అంకె. కారణం తెర కాదు. ఆరో తరగతి పిల్లలు అప్పటికే సగటున రెండున్నర తరగతులు వెనకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కరూ ఎక్కడ ఆగిపోయారో కనిపెట్టి అక్కణ్నుంచి మొదలుపెట్టింది. మీ 12 ట్యాబులతో చేయాల్సిందీ అదే: ప్రతి పిల్లా తను ఆగిన చోటునుంచి పని చేయాలి, ఆ వేళ మీరు బాగా వెనకబడినవాళ్ల పక్కన కూర్చోగలగాలి.

మొదటి వారం ట్యాబుల జోలికి వెళ్లకండి. 15 నిమిషాల స్లిప్పు టెస్టు ఒకటి పెట్టండి. పది ప్రశ్నలు చాలు: అప్పు తెచ్చుకునే తీసివేతలు రెండు, భాగహారాలు రెండు, ఋణ సంఖ్యలవి రెండు (4 – 9 లాంటివి), భిన్నాలవి రెండు, ఖాళీ డబ్బాలో సంఖ్య కనుక్కునేవి రెండు. మార్కులు వేయొద్దు. ఎవరు ఏ జత దగ్గర ఆగారో మాత్రం రాసుకోండి. సమీకరణాల పాఠంలో తప్పులు చేసే పిల్లల్లో చాలామందికి అసలు ఇబ్బంది సమీకరణం కాదు, 4లోంచి 9 తీసేయడం. ఆ సంగతి తెలియకుండా సమీకరణాల వీడియో ఎన్నిసార్లు చూపించినా లాభం లేదు.

అదే వారంలో ఫోన్ల లెక్క తీయండి. "ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?" అని అడిగితే అందరూ చేతులెత్తుతారు, ఆ సమాధానంతో మీకు ఒరిగేదేమీ లేదు. ఫోన్ ఎవరిది, ఏ టైముకి ఇంట్లో ఉంటుంది, ఇంకెంతమంది అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ దాన్ని వాడతారు, రీఛార్జ్ అయిపోతే ఎన్నాళ్లు అలా ఉంటుంది అని అడగండి. మర బోటు మీద వేటకు వెళ్లే తండ్రి ఫోన్ ఆయనతోపాటే రోజుల తరబడి సముద్రం మీద ఉంటుంది. తెల్లారకముందే చేపల వేలానికి వెళ్లే తల్లి ఫోన్ మధ్యాహ్నం గాని ఇంటికి రాదు. స్టీల్ ప్లాంటు వైపు కాంట్రాక్టు పనికి పోయేవాళ్ల ఫోన్ షిఫ్టును బట్టి వస్తుంది. రోజువారీ డేటా ప్యాకుల్లో చాలావరకు అర్ధరాత్రి దాటాకే కొత్త డేటా వస్తుంది. మీరు లింకు పెట్టే సాయంత్రానికి చాలా ఇళ్లలో అది ఖర్చయిపోయి ఉంటుంది. ఈ లెక్క చేతికొచ్చాక మీ 42 మందీ మూడు రకాలుగా విడిపోతారు: ఫోన్ రోజూ దొరికేవాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు దొరికేవాళ్లు, దొరకనివాళ్లు. మూడో రకం పేర్లు మీ టేబుల్ మీద అద్దం కింద పెట్టుకోండి.

ఇక తరగతి. 42 మందిని 14 మంది చొప్పున మూడు గుంపులు చేయండి. స్లిప్పు టెస్టులో ఒకేచోట ఆగినవాళ్లను ఒక గుంపులో ఉంచండి. మూడు చోట్లు: ట్యాబులు, నోటుపుస్తకంలో సాధన, మీ దగ్గర. ఒకే పీరియడ్‌లో మూడు గుంపులనూ మూడు చోట్లా తిప్పమని శిక్షణల్లో చెబుతారు. 40 నిమిషాల పీరియడ్‌లో అది కుదరదు. ఒక్కో మార్పుకి బెంచీలు జరిపి, పుస్తకాలు సర్దుకుని, పెన్సిలు వెతుక్కునేసరికి మూడు నాలుగు నిమిషాలు పోతాయి. ఒక రోజున ఒక్కో గుంపూ ఒకేచోట కూర్చోవాలి, మూడు రోజులకు ఒక చుట్టు పూర్తవ్వాలి. మొదటి 8 నిమిషాలు ప్యానెల్ దగ్గర అందరికీ కలిపి, తర్వాత 25 నిమిషాలు గుంపుల్లో, చివరి 7 నిమిషాలు ఒకే ఒక్క ప్రశ్న కాగితం మీద. వారానికి ఆరు పీరియడ్లు కాబట్టి రెండు చుట్లు తిరుగుతాయి. దీనికో షరతుంది. ట్యాబు పని చూశాకే మీ దగ్గరి పాఠం అర్థమయ్యేలా పెట్టుకుంటే మొదటి రోజే మీ దగ్గరకొచ్చిన గుంపు తెల్లమొహం వేస్తుంది. మూడు చోట్ల పనులూ ఒకదానిమీద ఒకటి ఆధారపడకుండా ఉండాలి.

ట్యాబుల దగ్గర 14 మందికి 7 ట్యాబులే ఇవ్వండి, ఇద్దరికొకటి. మిగిలిన 5 మీ బీరువాలో చార్జింగుతో సిద్ధంగా ఉంటాయి. ఒకటి మొరాయిస్తే మార్చడానికి పది సెకన్లు చాలు. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టడంలో అసలు లాభం వేరే. వేలు ఒకరిది, పెన్సిలు ఇంకొకరిది. తెర తాకే పిల్ల ఏం చేస్తోందో పైకి చెప్పాలి, పక్క పిల్ల నోటులో రాయాలి. ప్రతి ప్రశ్నకీ వేలూ పెన్సిలూ చేతులు మారాలి. ఒక్కరికే ట్యాబు ఇస్తే సమాధానం తప్పయినప్పుడల్లా ఇంకో ఆప్షన్ నొక్కుకుంటూ పోతారు. 25 నిమిషాల్లో ముప్పై ప్రశ్నలు "అయిపోతాయి", నోటులో ఒక్క గీతా ఉండదు. నోటులో మూడు వాక్యాలు ఉంటేనే ట్యాబు పని జరిగినట్టు లెక్క: ముందు ఏమనుకున్నాం, తెర మీద ఏం జరిగింది, ఎందుకు అలా జరిగింది.

ఒక పాఠం తీసుకుని చూద్దాం. 2ఎక్స్ + 5 = 17. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, 5ని అటు పంపి గుర్తు మార్చకపోవడం: 2ఎక్స్ = 22, ఎక్స్ = 11. "అటు పంపితే గుర్తు మారుతుంది" అని వందసార్లు చెప్పించినా, ఎందుకు మారాలో తెలియని పిల్ల 101వసారి మర్చిపోతుంది. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో (తెర మీద చేసి చూసే ప్రయోగాలు) సమీకరణాన్ని తక్కెడగా చూపించేది ఒకటుంది. ఎడమ పళ్లెంలో రెండు ఎక్స్‌లు, అయిదు ఒకట్లు. కుడి పళ్లెంలో పదిహేడు ఒకట్లు. ఎడమవైపునుంచి అయిదూ తీసేయమనండి. కుడి పళ్లెం కిందికి దిగిపోతుంది. అక్కడ ఆపి, "ఇప్పుడేం చేస్తే సరితూగుతుంది?" అని అడగండి. రెండో పిల్ల కుడివైపునుంచి కూడా అయిదు తీస్తుంది, పళ్లేలు సమానమవుతాయి. ఎటువైపూ ఏదీ పంపలేదు, రెండువైపులా అంతే తీశాం అని వాళ్ల నోటితో వాళ్లే అంటారు. ఆ మాట నోటులో రాశాక అప్పుడు "గుర్తు మారుతుంది" అన్న అడ్డదారి చెప్పండి. ఈ సిమ్యులేషన్ ఫైలును ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. ట్యాబులో ఫైలు నొక్కగానే అక్షరాల గజిబిజి కనిపిస్తే కంగారు పడకండి. ఫైలును క్రోమ్‌తో తెరవాలి. ముందురోజే ఒక ట్యాబులో తెరిచి చూసుకోండి.

నెట్ మీద నమ్మకం పెట్టుకోకండి. పది నిమిషాల వీడియో మామూలు నాణ్యతలో 60, 70 ఎంబీ ఉంటుంది. ఏడు ట్యాబుల్లో ఒకేసారి నడిపితే అర జీబీ దాకా పోతుంది, పైగా ఎక్కడికక్కడ తిరుగుతూ ఆగిపోతుంది. ఒకసారి దింపి అందరికీ పంచడమే దారి. ప్రభుత్వ పాఠాలుండే దీక్షా యాప్‌లో పాఠ్యపుస్తకం క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, పాఠాన్ని డౌన్‌లోడ్ చేసి ఉంచుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. అంతకంటే బాగా పనికొచ్చేది మీ పాత ల్యాప్‌టాప్. కోలిబ్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను అందులో వేసి, మామూలు వైఫై రూటర్ ఒకటి పక్కన పెడితే, సిమ్మూ కేబులూ లేకుండానే ట్యాబులన్నీ ల్యాప్‌టాప్‌లోని పాఠాలను బ్రౌజర్‌లో చూస్తాయి. మొదట పాఠాలు దింపుకోవడానికి మాత్రం ఒక్కసారి నెట్ కావాలి. అది ఇంట్లోనో మండల కేంద్రంలోనో చేసుకోండి.

ఇందులో బెడిసికొట్టేవి నాలుగున్నాయి, నాలుగూ చిన్నవే. ల్యాప్‌టాప్ కొంతసేపటికి నిద్రలోకి పోతే పాఠాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, పవర్ సెట్టింగుల్లో ఆ నిద్ర తీసేయండి. మొదటిసారి నడిపినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ (బయటి పరికరాలను అడ్డుకునే రక్షణ) అనుమతి అడుగుతుంది. హడావుడిలో "వద్దు" నొక్కితే ల్యాప్‌టాప్‌లో కనిపించే పాఠం ట్యాబుల్లో కనిపించదు. ల్యాప్‌టాప్ చిరునామా అంకెలు మారిపోతుంటాయి. రూటర్ సెట్టింగుల్లో ఆ ల్యాప్‌టాప్‌కి ఒకే చిరునామా కేటాయించి బోర్డు మూల రాసి ఉంచండి. ఇక ట్యాబు "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, ఉండమంటారా?" అని అడుగుతుంది. "ఉండు" అనాలి. అనకపోతే అది తనంతట తాను వైఫై వదిలేస్తుంది.

ప్యానెల్‌కి పెన్‌డ్రైవ్ పెడితే వీడియో కనిపించడం లేదని చాలామంది ఉపాధ్యాయుల ఫిర్యాదు. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. అది కాకపోతే వీడియో రకం కారణం: హెచ్.265లో ఉన్నవి కొన్ని ప్యానెళ్లలో బొమ్మ రాకుండా శబ్దం మాత్రమే ఇస్తాయి. హెచ్.264 ఎంపీ4గా మార్చుకుంటే సరి. ముట్టకుండానే గీతలు పడుతుంటే, అంచుల్లో చేరిన సుద్దపొడి చూడండి. చాలా ప్యానెళ్లు చుట్టూ ఉన్న ఫ్రేములోంచి వెళ్లే పరారుణ కిరణాలతో వేలిని గుర్తిస్తాయి, పొడి ఆ కిరణాలకు అడ్డుపడుతుంది. స్విచ్చి ఆపి, తడిలేని మెత్తటి గుడ్డతో అంచులు తుడవాలి. నీళ్లు చల్లకూడదు. సుద్దబోర్డు ప్యానెల్ పక్కనే ఉంటే తుడిచే డస్టర్‌ను కిటికీ బయట దులపమనండి.

సముద్రం పక్క బడికి ఇంకో శత్రువుంది. ఉప్పుగాలికి చార్జింగ్ పోర్టుల్లో పచ్చటి తుప్పు పడుతుంది. ట్యాబులను బీరువాలో విడిగా పెట్టకుండా మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. చార్జింగు మాత్రం డబ్బాలో కాదు, బల్లమీద విడివిడిగా పరిచి, ఆరేసి చొప్పున. ఒకదానిమీద ఒకటి పేర్చి చార్జ్ పెడితే వేడెక్కుతాయి. పది వాట్ల చార్జర్లు ఆరు కలిపినా 60 వాట్లే, కరెంటు భారం పెద్దదేమీ కాదు. వదులుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డే ప్రమాదం. వెనక మూత ఉబ్బినట్టు కనిపించిన ట్యాబును ఆ క్షణమే వాడకం ఆపి, నొక్కకుండా, చార్జ్ పెట్టకుండా పిల్లలకు అందనిచోట వేరుగా ఉంచి హెచ్‌ఎం గారికి రాసివ్వండి. వేసవి సెలవులకు ముందు సగం చార్జ్‌లో ఆపి పూర్తిగా స్విచ్చాఫ్ చేయాలి. సున్నాకి దిగిపోయి రెండు నెలలు పడి ఉన్న బ్యాటరీ జూన్‌లో లేవకపోవచ్చు. తుఫాను హెచ్చరిక రాగానే ప్యానెల్ ప్లగ్గు గోడనుంచి పీకేయండి, స్విచ్చి ఆపితే సరిపోదు. ట్యాబులకు 1 నుంచి 12 అంకెలు అతికించి, ఏ జత ఏ ట్యాబు వాడుతుందో మార్చకుండా ఉంచితే పగిలినా పోయినా ఎవరి చేతిలో అన్నది తేలుతుంది, పిల్లలూ జాగ్రత్త పడతారు.

ఇప్పుడు ఇంటి సంగతి. వీడియో లింకులు ఆపేయండి. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ అర ఎంబీ కూడా ఉండదు, డేటా దాదాపు అయిపోయిన ఫోన్‌కీ చేరుతుంది. అందులో ఒకే ఒక్క లెక్క చెప్పండి, నిదానంగా, మీ మామూలు గొంతుతో. తల్లి వంట చేస్తూ వినేలా ఉండాలి. అదే లెక్క కాగితం మీద కూడా పిల్ల సంచిలో వెళ్లాలి. మూడో రకం పిల్లలకు ఆ కాగితమే పాఠం కాబట్టి వాయిస్ వినకపోయినా అది తనంతట తాను అర్థమవ్వాలి: పైన చేసి చూపించిన లెక్క ఒకటి, కింద చేయాల్సినవి మూడు. అయిదు కాదు, మూడే. మర్నాడు నోటు చూసేది మీరే కదా.

గ్రూపులో ఒకరి నెంబర్లు ఒకరికి కనిపిస్తాయి. ఎనిమిదో తరగతి ఆడపిల్లల ఇళ్ల నెంబర్లు అలా అందరి చేతుల్లో ఉండటం మంచిది కాదు. వాట్సాప్‌లోనే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి, ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్తుంది. అయితే మీ నెంబరు ఎవరి ఫోన్‌లో సేవ్ అయి ఉంటుందో వాళ్లకే అది చేరుతుంది. తల్లిదండ్రుల సమావేశం రోజున ఒక్కొక్కరి ఫోన్‌లో దగ్గరుండి సేవ్ చేయించండి. పిల్లల ఫొటోలూ వివరాలూ అడిగే యాప్ ఏదైనా సరే, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పేరు నమోదు చేయొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది.

బాగా వెనకబడినవాళ్లకు మెసేజ్ చాలదు, ఫోన్ కాల్ కావాలి. కోవిడ్ కాలంలో బోట్స్‌వానాలో దీన్ని పోల్చి చూశారు. వారానికోసారి బోధకులు ఫోన్ చేసి లెక్క చేయించిన పిల్లలు మెరుగుపడ్డారు, మెసేజ్‌లు మాత్రమే అందినవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. 42 మందికీ చేయడం మీవల్ల కాదు, చేయక్కర్లేదు కూడా. వారానికి అయిదుగురు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. స్పీకర్‌లో పెట్టించి అమ్మనో అక్కనో పక్కన కూర్చోమనండి. "అర్థమైందా అమ్మా?" అని అడిగితే "అయింది మేడం" అనే వస్తుంది. "పదిహేడులో అయిదు పోతే ఎంత? దాన్ని ఇద్దరికి పంచితే?" అని అడగండి, తడుముకున్నా చెప్పేవరకు ఆగండి. మూడో రకంలో ఉన్నవాళ్లకు ఈ పది నిమిషాలు బడి విడిచాక మీ బల్ల దగ్గరే.

తెర సమయం గురించి అడగలేదు గానీ, తల్లిదండ్రులు తప్పక అడుగుతారు. కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి వరకు ఆన్‌లైన్ బోధన రోజుకి రెండు విడతలు మించొద్దన్నాయి, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. పైన చెప్పిన పద్ధతిలో ట్యాబు ముందు ఒక్కో పిల్లా వారానికి గడిపేది 50 నిమిషాలు. ఆ అంకె వాళ్లకు చెప్పండి. ప్రధానమంత్రి ఈ-విద్య టీవీ చానళ్లు డీడీ ఫ్రీ డిష్‌లో నెల చందా లేకుండా వస్తాయి. ఉన్నవాళ్లు చూస్తే మంచిదే, కానీ వాళ్ల పాఠం వరసా మీ వరసా కలవవు కాబట్టి హోంవర్కుగా ఇవ్వకండి.

పనిచేస్తోందా లేదా అన్నది చివరి 7 నిమిషాల కాగితాలే చెబుతాయి. ఎంతమంది వీడియో చూశారు, ఎన్ని ప్రశ్నలు నొక్కారు అన్న యాప్ లెక్కలు పక్కన పెట్టండి. నాలుగు వారాలయ్యాక మొదటి స్లిప్పు టెస్టునే అంకెలు మార్చి మళ్లీ పెట్టి, ఒక్కో ప్రశ్నల జత దగ్గర ఆగినవాళ్లు అప్పుడెంతమంది, ఇప్పుడెంతమంది అని చూడండి. ఋణ సంఖ్యల దగ్గర 19 మంది ఆగి ఉంటే, వాళ్లలో ఎనిమిది మందైనా దాటకపోతే, మార్చాల్సింది ట్యాబు పని కాదు, మీ దగ్గరి గుంపులో చేయించే పని. గుంపుల్లోని పేర్లు కూడా అప్పుడే మార్చండి. ఒకే గుంపులో ఏడాదంతా కూర్చున్న పిల్ల తనకింతే వస్తుందని నమ్మేస్తుంది.

మీలాంటి తీరం ఊళ్లకు మాత్రమే ఉన్న వెసులుబాటు ఒకటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో తండ్రులు ఒడ్డునే ఉంటారు, ఫోన్లూ ఇంట్లోనే ఉంటాయి. బడికి సెలవులు కూడా ఎక్కువగా అప్పుడే. ఏడాదంతా "దొరకనివాళ్లు" అని రాసుకున్న పేర్లలో చాలామందికి మీ వాయిస్ మెసేజ్ నేరుగా చేరే కాలం అదొక్కటే. సెలవులిచ్చే రోజున ఒక్కొక్కరికీ ఎనిమిది కాగితాలు కుట్టి ఇవ్వండి, వారానికొకటి. ప్రతి సోమవారం ఉదయం, కొత్త డేటా ఉండగానే, ఆ వారపు కాగితం మీద రెండు నిమిషాలు మాట్లాడి పంపండి. జవాబు కూడా వాయిస్‌లోనే చెప్పమనండి, లెక్క ఎలా చేశారో తండ్రికి వివరిస్తూ.